పేరు చెప్పి పాడితే పోయేదేముంది?

మా అత్తయ్య ఓ పాట పాడటం మానేసింది. గొంతు పోయి కాదు, మనవరాలు అన్న ఒక్క మాటకి.

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకి వెళ్లాం. ప్రభ మీద ఆర్కెస్ట్రా వాళ్లు ఓ జానపదం ఎత్తుకున్నారు. వినగానే ఒళ్లు ఝల్లుమంది. గురజాల దగ్గర మా అత్తగారి ఊళ్లో, మిరపచేలో కలుపు తీస్తూ ఆవిడ పాడే పాటే అది! పాడినమ్మాయి బాగానే పాడింది, కాదనను. కానీ మైకులో "ఇది మా ట్రూపు సొంత పాట" అన్నారు. మర్నాడు అత్తయ్య అదే పాట కూనిరాగం తీస్తుంటే మా అమ్మాయి "నాయనమ్మా, ప్రభ మీది పాట భలే పట్టేశావే!" అంది. ఆవిడ నవ్వి ఊరుకుంది. మళ్లీ ఆ పాట ఎత్తలేదు.

ఒకరి పాట ఇంకొకరు పాడకూడదని నేననను. పాడకపోతే పాట బతకదు. 1979లో తీసిన 'మా భూమి' సినిమాలో గొంగడి కప్పుకుని గద్దర్ పాడిన బండి పాట ఊరూరా మోగింది. అది గద్దర్ రాసిందనే చాలామంది అనుకుంటారు. కట్టింది తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన బండి యాదగిరి. ఆ పేరు చెప్పుకున్నంత మాత్రాన 2023లో మనల్ని విడిచి వెళ్లిన గద్దర్ గొప్పతనం ఏమన్నా తరిగిందా?

2016లో నోబెల్ అందుకున్న అమెరికా గాయకుడు బాబ్ డిలాన్ సంగతీ అంతే. 1962లో వచ్చిన ఆయన మొదటి రికార్డులో 13 పాటలుంటే సొంతవి రెండే. అందులో ఓ పాత జానపదాన్ని స్నేహితుడు డేవ్ వాన్ రాంక్ కట్టిన వరసలోనే పాడేశాడు. ఆ తర్వాత వాన్ రాంక్ పాడబోతే జనం "డిలాన్ పాట పాడుతున్నాడు" అనేవారట. పాపం, మానేశాడు. 1964లో యానిమల్స్ బృందం అదే పాటతో పేరు తెచ్చుకున్నాక డిలాన్‌కీ అదే గతి పట్టింది! ఎక్కడి న్యూయార్కు, ఎక్కడి మా మిరపచేను?

"జానపదానికి కర్తెవరు? గాలిలో పుట్టిన పాటలవి" అంటారు మావారు. గాలిలో ఏ పాటా పుట్టదండీ. నడుం వంచి పనిచేసే వాళ్ల నోట్లో పుడుతుంది. నా కథ ఇంకొకరి పేరుతో అచ్చయితే నేనూరుకుంటానా? అత్తయ్య కూడా ఆ పాట తనదే అనదు. వాళ్లమ్మ దగ్గర నేర్చిందట, రెండు చరణాలు మాత్రం తను కలిపిందట. ట్రూపు వాళ్లు ఆ నిజాయితీ చూపిస్తే చాలు. పేరు తెలియకపోతే ఊరు చెప్పండి. ఊరూ తెలియకపోతే "కలుపు తీసే ఆడవాళ్ల పాట" అనండి. అర నిమిషం కూడా పట్టదు.

మొన్న నోటుబుక్కు పట్టుకుని ఆవిడ పక్కన కూర్చున్నాను. "ఎందుకమ్మాయ్ ఇప్పుడు?" అంటూనే చరణాలన్నీ చెప్పింది. పైన ఆవిడ పేరు, వాళ్లమ్మ పేరు రాసి మా అమ్మాయి చేత చదివించాను. చదివి, నాయనమ్మ వంక చూసి తల దించుకుంది.

అత్తయ్య పాటని మాటల్లా చెప్పిందే గానీ, రాగం మాత్రం తీయలేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లు మానేయకముందే మీరూ ఓ నోటుబుక్కు తీయండి.