రక్తప్రాయశ్చిత్త విచారము

క్రైస్తవ సిద్ధాంతములలో మన విద్యావంతులైన గృహస్థులకు మిక్కిలి వెగటుగా తోచునది రక్తప్రాయశ్చిత్తము. ఏసుక్రీస్తు సిలువపై చిందించిన రక్తమువలన మనుష్యుల పాపములు పరిహారమగునను మాట వినినంతనే కొందరు ముఖము త్రిప్పుకొందురు. దేవుడు రక్తమునకు తృప్తినొందునా, ఇది గ్రామదేవతకు దున్నపోతును బలియిచ్చుటకంటె ఏవిధమున మేలు, అని యడుగుదురు. మరియొకవంక ప్రసంగకులలో పలువురు ఆ వెగటును తామే పెంచుచున్నారు. దేవునికి కోపము వచ్చెననియు, ఎవరినో యొకరిని శిక్షించినగాని యా కోపము చల్లారదనియు, నిరపరాధియైన కుమారుడు మనకు మారుగా దెబ్బలు తినెననియు, ఇక మనము నమ్మిన చాలుననియు వారు బోధింతురు. ఈ యిరుతెగలవారును బైబిలును సావధానముగా చదువలేదని చెప్పుటకు మేము వెనుదీయము. ఇది మతపండితుల తగవు మాత్రము కాదు. అన్యాయము చేసినవాడు అన్యాయము పొందినవానికి ఋణపడియుండునా, లేదా? ఇందలి ప్రశ్న యిదియే.

మొదట లేవీయకాండమును చూతము. రక్తమును తినరాదని అందు యూదులకు విధింపబడినది. ప్రాణము రక్తమునందున్నది, ప్రాణము దేవునిసొత్తు, అని దానికి కారణము. కాబట్టి బలిపీఠముపై ప్రోక్షింపబడిన రక్తము ప్రాణమునకు గుర్తేకాని పగతీర్చుకొనుటకు గుర్తు కాదు. మన తెలుగు బైబిలులో ప్రాయశ్చిత్తమని వ్రాయబడిన హెబ్రీ పదమునకు తుడిచివేయుట, కప్పుట యను నర్థములను పండితులు చెప్పుదురు. పాపము పరిశుద్ధస్థలమును మైలపరచుననియు, ప్రాణరూపమైన రక్తము ఆ మైలను కడుగుననియు ఆ కాలపువారి భావము.

ఏటికొకసారి వచ్చు ప్రాయశ్చిత్త దినమున ప్రధానయాజకుడు రెండు మేకలను నిలిపి చీట్లు వేయును. ఒకదానిని వధించి దాని రక్తమును గర్భాలయమున ప్రోక్షించును. రెండవదాని తలపై చేతులుంచి, ప్రజల పాపములన్నిటిని ఒప్పుకొని, వానిని దానిపై మోపి, ప్రాణముతోనే అడవికి తోలించును. చదువరులు గమనింతురుగాక: పాపములు మోయు మేక చంపబడదు, చంపబడిన మేకపై పాపములు మోపబడినట్లు అచట చెప్పబడలేదు. బలిపశువుపై పాపము మోపి, దానికి మరణశిక్ష విధించుటయే ప్రాయశ్చిత్తమను బోధ ఈ యధ్యాయము ముందు నిలువజాలదు. అంతియే కాదు. రెండు పావురములనైన తేజాలని నిరుపేద కొద్దిపాటి మెత్తని పిండిని తెచ్చిన చాలునని అదే గ్రంథము సెలవిచ్చుచున్నది. పిండిలో రక్తమెక్కడిది? రక్తము లేనిదే దేవుడు క్షమింపజాలడన్నచో ఆ పేదవాని పాపమెట్లు పోయెను?

హెబ్రీయులకు వ్రాయబడిన పత్రికలో రక్తము చిందింపక క్షమాపణ లేదన్న మాట యున్నదికదా యని ప్రసంగకులందురు. ఉన్నది. కాని ఆ వాక్యము పూర్వపు ధర్మశాస్త్రవిధిని వర్ణించుచున్నది. దాని మొదట ‘ఇంచుమించుగా’ అను నర్థమిచ్చు పదమొకటి యున్నది. ఆ పదమును మ్రింగివేసి తక్కినదానిని గొంతెత్తి పలుకుట న్యాయము కాదు. ఎద్దుల రక్తముగాని మేకల రక్తముగాని పాపమును తొలగింపజాలదని ఆ పత్రికయే తరువాతి యధ్యాయమున చెప్పుచున్నది. దేవుని చిత్తమును నెరవేర్చుటకై తన్ను తానర్పించుకొనుటయే అచట క్రీస్తుబలికి సారము.

ఇక ముఖ్యవిషయమునకు వత్తము. తనయొద్ద దాచుకొన్న సొమ్మును కాజేసినవాడును, పొరుగువానిని దోచినవాడును, దొరికిన వస్తువును దాచి అబద్ధప్రమాణము చేసినవాడును ఏమి చేయవలెను? లేవీయకాండము చెప్పు క్రమము స్పష్టము. అపహరించిన మూలధనమును, దానిపై అయిదవవంతును సొంతదారునకు చెల్లింపవలెను. అటుపిమ్మట పొట్టేలును తోలుకొని యాజకునియొద్దకు పోవలెను. 100 రూపాయలు కాజేసినవాడు 120 రూపాయలు తిరిగియియ్యవలెను. పొట్టేలి రక్తము ఆ బాకీకి చెల్లుచీటి కాదు.

క్రీ. శ. 70లో రోమనులు యెరూషలేము దేవాలయమును పాడుచేసినపిమ్మట బలులు నిలిచిపోయెను. ఈ నియమము నిలిచిపోలేదు. సుమారు క్రీ. శ. 200 నాటికి కూర్పబడిన మిష్నా యను యూద ధర్మగ్రంథము మనుష్యుడు దేవునియెడ చేసిన తప్పులను, పొరుగువానియెడ చేసిన తప్పులను వేరుపరచి, నొచ్చినవానిని సమాధానపరచువరకు రెండవతెగ పాపములు ప్రాయశ్చిత్త దినమునను పోవని నిర్ణయించినది. క్రీస్తుబోధయు దీనికి భిన్నము కాదు. బలిపీఠమువద్ద నిలిచినవానికి తన సోదరుడు నొచ్చుకొనినట్లు జ్ఞప్తికివచ్చినయెడల, కానుకను అక్కడనే విడిచి, ముందుగా పోయి సమాధానపడవలెనని ఆయన బోధించెను. సుంకరియైన జక్కయ్య తాను అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు తిరిగియిత్తునన్న పిమ్మటనే ఆ యింటికి రక్షణ వచ్చెనని ఆయన పలికెను. తప్పిపోయిన కుమారుని కథలో తండ్రి యెదురుగా పరుగెత్తి కౌగిలించుకొనెను. ముందుగా ఎవరి రక్తమును అడుగలేదు.

మరి కోపించిన న్యాయాధిపతి కథ యెచ్చటనుండి వచ్చినది? 325లో నీకేయ సభయు 451లో కల్కెదోను సభయు క్రీస్తు దైవత్వ మానుషత్వములను నిర్ణయించెను. కాని ఆయన మరణము పాపమునెట్లు పరిహరించునో ఆ సభలేవియు శాసింపలేదు. తొలి శతాబ్దుల బోధకులలో కొందరు అది సైతానుచేత చిక్కినవారిని విడిపించుటకిచ్చిన క్రయధనమనిరి. 1098లో ముగించిన తన గ్రంథమున అన్సెల్ము, ప్రభువునకు జరిగిన మానభంగమునకు తగిన తృప్తి చెల్లింపవలెనను ఆ కాలపు భూస్వాముల భావమును దేవునికి అన్వయించెను. పండ్రెండవ శతాబ్దిలో అబెలార్డు దానిని నిరాకరించి, క్రీస్తుమరణము మనుష్యుల హృదయములలో ప్రేమను మేల్కొల్పుననెను. పదునారవ శతాబ్దిలో కాల్విను, తాను న్యాయశాస్త్రము చదివినవాడగుటచేత కాబోలు, సిలువను న్యాయస్థానపు శిక్షగా వర్ణించెను. 1930లో స్వీడను దేశపు పండితుడు ఆలెను, ప్రాచీనసంఘమునకు క్రీస్తుమరణము పాపమరణములపై గెలిచిన విజయమే యని వాదించెను. ఇన్ని మతములు గలచోట ఒకదానిని మాత్రమే సువార్తయని చాటి, ఒప్పుకొననివారిని నరకమునకు పంపుట పాండిత్యమును కాదు, భక్తియును కాదు.

ఈ తగవు మన దేశమునకు క్రొత్తది కాదు. 1820లో రాజా రామమోహనరాయలవారు కలకత్తాలో క్రీస్తు నీతివాక్యములను ఏర్చి కూర్చి ప్రకటింపగా, శ్రీరాంపురపు మిషనరీయగు మార్షుమను ప్రాయశ్చిత్త సిద్ధాంతము విడువబడినదని ఆక్షేపించెను. నిరపరాధిని శిక్షించి అపరాధిని విడుచుట న్యాయమనిపించుకొనదని రాయలవారు ప్రత్యుత్తరములు వ్రాసిరి. 1823లో కడపటి ప్రత్యుత్తరమును అచ్చువేయుటకు మిషను ముద్రాలయమువా రొప్పుకొనకపోగా, ఆయన తన సొంత ముద్రాలయమున అచ్చువేయించిరి.

ఇంతవరకు విని తలయూపు హిందూ సోదరులతోను మాకొక మాట గలదు. ప్రాయశ్చిత్తమను పదము మనది. పాపము చేసినవాడు తానే తపించి, ఉపవసించి, తన్ను తాను దిద్దుకొనుట దాని మొదటి యర్థము. పిమ్మట మనమేమి చేసితిమి? కృచ్ఛ్రములకు మారుగా గోదానమనియు, గోవునకు మారుగా దాని వెలయనియు ప్రత్యామ్నాయములను కల్పించుకొంటిమి. సముద్రయానము చేసివచ్చినవానికి ప్రాయశ్చిత్తము విధించిన పెద్దలు, పేదరైతు భూమిని తప్పుడు పత్రముతో హరించినవానికి ఏ ప్రాయశ్చిత్తమును విధింపరైరి. ఒకరి తప్పును వేరొకరి రక్తముతో కడుగుకొనుట అనాగరికమైనచో, ఒకరి తప్పును వేరొకరికిచ్చిన దక్షిణతో కడుగుకొనుట నాగరికమెట్లగును? జాతరలలో పశుపక్షి బలులను 1950 నాటి చట్టము నిషేధించినది; పాపమునకు ప్రతినిధిని వెదకుకొను బుద్ధిని ఏ చట్టమును నిషేధింపజాలదు.

“మనుష్యుడు తానే అంతయు చెల్లింపవలెనన్నచో ఇక దేవుని కృప యెందులకు? చంపినవాడు పోయిన ప్రాణమును తిరిగియియ్యగలడా?” అని క్రైస్తవ మిత్రులడుగుదురు. ఈ ప్రశ్న బలమైనది; దానిని మేము తేలికగా త్రోసివేయము. తీర్పజాలని ఋణములు నిక్కముగా గలవు. అట్టిచోట కృప లేనిదే మనుష్యుడు బ్రతుకజాలడు. కాని తీర్పజాలని ఋణమునకు కృప యున్నదని చెప్పి, తీర్పగలిగిన ఋణమును ఎగవేయుట కృపను దొంగిలించుటయే యగును. సిలువపై ఆయనను చంపినది రోమను అధికారి పిలాతు తీర్పు, లోకుల యన్యాయము. ఆయన రక్తము అన్యాయము పొందినవాని రక్తము. తన్ను చంపువారినిసైతము క్షమింపుమని వేడుకొనినవాడు, తాను ప్రాణమిచ్చెనేకాని ఒకరి ప్రాణము తీయలేదు. అట్టి రక్తము ఎవరి పక్షమున మాటలాడును? దోచుకొన్నవాని పక్షముననా, దోపిడి పొందినవాని పక్షముననా?

కాబట్టి క్రైస్తవ గృహస్థులకును హిందూ గృహస్థులకును మా విన్నపమొక్కటే. పనిమనిషి జీతములో కోసికొన్న రూపాయలుండవచ్చును. విధవరాలైన వదినెకు రావలసిన భాగముండవచ్చును. కోడలి పుట్టింటినుండి పిండుకొన్న కట్నముండవచ్చును. ముందుగా వానిని లెక్కవేయుడు. అయిదవవంతు కలిపి తిరిగియిండు. తప్పు ఒప్పుకొని, నొచ్చినవారి మొగము చూడుడు. అటుపిమ్మట దేవాలయమునకు పోయినను, రొట్టె విరిచి పాత్రనందుకొనినను, మీ ప్రార్థనకు అర్థముండును. అది చేయక రక్తమును కీర్తించినను, గంగలో మునిగినను ఋణము ఋణముగనే యుండును. దేవునియెదుట ఆ ఋణపత్రమును పట్టుకొని నిలుచువాడు మనము మోసగించిన మన పొరుగువాడే.