ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంది?



పోయిన వానాకాలం ఓ రాత్రి పదకొండు దాటాక మా పేట నుంచి ఫోను. నాకు పిన్ని వరస అవుతుంది ఆవిడ. "బాబూ, పిల్లోడికి పిచ్చి లేచిందంటన్నారు. మంచానికి కట్టేశారు. డాక్టరు ఫోన్లో చూసేశాడంట. బెజవాడ తీసుకుపోయి ఆస్పత్రిలో పెడతారంట. నన్ను వేలిముద్ర వెయ్యమంటన్నారు, వెయ్యనా?"

"వెయ్యకు పిన్నీ, నేనొస్తన్నా" అని బండి తీశాను.

హనుమాన్ జంక్షన్లో గుడివాడ రోడ్డు పట్టుకుని కొంతదూరం పోయి లోపలికి దిగితే చేపల చెరువులు. ఆ కుర్రాడు అక్కడ రాత్రికాపలా. వయసు 22. నేను వెళ్లేసరికి గట్టుమీది షెడ్డులో నులకమంచానికి నైలాను తాడుతో కట్టేసి ఉన్నాడు. చెరువు యజమాని మనుషులు నలుగురు, ఊళ్లో ఆరెంపీ ఒకాయన ఉన్నారు. పట్నంలో ఎవరో డాక్టరుకి వీడియో కాల్ చేసి నాలుగు నిమిషాలు చూపించారట. పిల్లోడు అరుస్తున్నాడు, బూతులు తిడుతున్నాడు, ఎవరో చంపడానికొస్తున్నారంటున్నాడు. "ఇది సైకియాట్రీ కేసే, అడ్మిట్ చెయ్యండి" అన్నాడట ఆయన.

నేను చేసింది ఒక్కటే పని. నుదుటిమీద చెయ్యి వేశాను. పెనంలా కాలిపోతోంది. మన అమ్మమ్మల్ని అడిగితే చెప్పేవాళ్లు, దాన్ని సంధి అంటారు. జ్వరం తలకెక్కితే మనిషి ఇలాగే మాట్లాడతాడు.

కట్లు విప్పించి, వాళ్లమ్మని వెంటబెట్టుకుని ఆటోలో ప్రభుత్వాస్పత్రికి తీసుకెళ్లాం. అక్కడి డ్యూటీ డాక్టరమ్మ ముందు జ్వరం చూసింది. చొక్కా విప్పి వెన్ను చూసింది. తల తడిమి వెనకవైపు బొప్పి ఉందని కనిపెట్టింది. మణికట్టు మీద తాడు గుర్తులు కాగితం మీద రాసింది. మూడు రోజులకి జ్వరం దిగింది. నాలుగో రోజు పొద్దున వాడు నన్ను అడిగిన మొదటి మాట, "అన్నా, నా రెండు నెల్ల జీతం సంగతి అడిగారా?"

జీతం బాకీ ఉంది. ఆ సాయంత్రం దాని మీదే గొడవయింది. ఈ ముక్క వీడియోలో డాక్టరుకి ఎవరూ చెప్పలేదు. తాడు కనపడకుండా మొహం వరకే చూపించారు. డాక్టరుని నేను తప్పుపట్టను. ఆయనకి చూపించింది ఆయన చూశాడు. ఏం చూపించాలో తేల్చింది ఫోను పట్టుకున్న చెయ్యి. ఆ చెయ్యి యజమాని మనిషిది.

ఇది ఒక షెడ్డులో జరిగిన గొడవ అని వదిలేద్దామనుకున్నా. కానీ ఫోనులో వైద్యం ఇప్పుడు దేశమంతా ఉంది, ఇంకా పెరుగుతుంది. మానసిక వైద్యుల కొరత గురించి మాట్లాడినప్పుడల్లా అందరూ చూపించే దారి అదే. రేపో మాపో "బలవంతంగా ఆస్పత్రిలో చేర్చడానికి కూడా వీడియో పరీక్ష చాల్లే" అనే మాట వస్తుంది. అది రాకముందే మనం మాట్లాడాలి.

ముందు ఒక మాట. నేను ఫోను వైద్యానికి వ్యతిరేకిని కాదు. 2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది. 2022 అక్టోబర్ 10న టెలి మానస్ మొదలైంది. 14416 కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, పైసా ఖర్చు లేదు. ఆ నంబరు మన పేటల్లో గోడల మీద రాయాలి. నిద్రపట్టని తల్లికి, ఉరితాడు వైపు చూస్తున్న కౌలురైతుకి, మందులు మానేసిన కొడుకుతో ఏం చెయ్యాలో తెలియని తండ్రికి అది ప్రాణం నిలబెట్టే నంబరు.

కానీ సాయం అడగడం వేరు, మనిషిని ఎత్తుకుపోయి తలుపు గడియ వేయడం వేరు. మొదటిదానికి ఫోను చాలు. రెండోదానికి చాలదు.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. మనవాళ్లు చదవాల్సిన చట్టం. అత్యవసరమైతే ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా చికిత్స మొదలుపెట్టొచ్చు, కానీ అది 72 గంటలు దాటకూడదని సెక్షన్ 94 చెబుతోంది. మనిషి ఒప్పుకోకపోయినా ఆస్పత్రిలో చేర్చాలంటే సెక్షన్ 89 ఉంది. అతని ప్రతినిధి, అంటే చాలాసార్లు ఇంటివాళ్లే, దరఖాస్తు పెట్టాలి. పిన్నిని వేలిముద్ర అడిగింది అందుకే. ఆపైన ఇద్దరు నిపుణులు, అందులో ఒకరు సైకియాట్రిస్టు, అదే రోజునో అంతకుముందు 7 రోజుల్లోనో విడివిడిగా పరీక్షించాలి. అప్పుడు 30 రోజుల వరకూ ఉంచొచ్చు. అంటే ఆ రెండు పరీక్షల మీద ఒక మనిషి నెల రోజుల స్వేచ్ఛ ఆధారపడి ఉంది.

ఇదే చట్టం సెక్షన్ 3లో ఇంకో మాట ఉంది. ఒక మనిషి రాజకీయ, ఆర్థిక, సామాజిక హోదాని బట్టి అతనికి మానసిక జబ్బుందని తేల్చకూడదు. చుట్టూ ఉన్న సమాజపు కట్టుబాట్లకి ఎదురు తిరిగాడని కూడా తేల్చకూడదు. ఈ మాట రాసినవాళ్లకి నా దణ్ణం. ఎదురు మాట్లాడిన కూలోడికి ఈ దేశంలో మొదట తగిలించే బిరుదు "పిచ్చోడు" అనే.

కానీ చట్టంలో ఒక సందు మిగిలిపోయింది. "పరీక్షించాలి" అన్నారు గాని, ఎదుట నిలబడి పరీక్షించాలని విడమరిచి రాయలేదు.

ఆ సందులోంచి ఏం రావచ్చో తెలియాలంటే డాక్టర్ సుధాకర్‌ని గుర్తు చేసుకోవాలి.

నర్సీపట్నం ఏరియా ఆస్పత్రిలో మత్తుమందు డాక్టరు. మన దళిత బిడ్డ. 2020 ఏప్రిల్లో, కోవిడ్ మొదట్లో, డాక్టర్లకి ఎన్95 మాస్కులు లేవని బయటికి చెప్పాడు. సస్పెండ్ చేశారు. మే 16న విశాఖపట్నం అక్కయ్యపాలెం దగ్గర నడిరోడ్డు మీద, చొక్కా లేకుండా, చేతులు వెనక్కి కట్టి పడేసి ఉన్న ఆయన్ని రాష్ట్రమంతా చూసింది. తాగి గొడవ చేశాడన్నారు పోలీసులు. లాఠీతో కొడుతున్న కానిస్టేబుల్ కూడా ఆ వీడియోలో ఉన్నాడు. కేజీహెచ్‌కి తీసుకెళ్లారు, అక్కడి నుంచి చినవాల్తేరు మానసిక ఆస్పత్రికి. మాస్కు అడిగిన డాక్టరు నెలన్నర తిరక్కుండా మానసిక రోగి అయ్యాడు.

తర్వాత జరిగింది జాగ్రత్తగా చూడండి. హైకోర్టు కలగజేసుకుంది. న్యాయాధికారి ఆస్పత్రికి వెళ్లి ఆయన చెప్పింది నమోదు చేశారు, ఒంటిమీద గాయాలు నమోదయ్యాయి. ఆ నివేదికకీ ప్రభుత్వం ఇచ్చిన నివేదికకీ గాయాల లెక్కలో పొంతన లేదు. మే 22న హైకోర్టు కేసుని సీబీఐకి అప్పగించింది. ఆయన బయటికి రావడానికి తల్లి మళ్లీ హైకోర్టు గడప తొక్కాల్సి వచ్చింది. జూన్ మొదటివారంలో బయటికొచ్చాడు. ఏడాది తిరిగేసరికి, 2021 మే 21న, గుండెపోటుతో వెళ్లిపోయాడు.

సుధాకర్‌ని వీడియోలో చూసి చేర్చలేదు, ఆ మాట నేను అనడం లేదు. నేను చెప్పేది వేరు. ఆ రోజు ఫోను రోడ్డు మీద పోయేవాళ్ల చేతుల్లో ఉంది కాబట్టే కట్టిన చేతులు, లేచిన లాఠీ మనకి కనపడ్డాయి. అదే ఫోను పోలీసుల చేతిలో ఉండి అవతల ఒక డాక్టరు చూస్తుంటే ఏం కనపడేది? అరుస్తున్న ఒక మొహం. అంతే. గాయాలు బయటపడింది ఒక మనిషి ఆయన ఉన్నచోటికి వెళ్లి చూసినందుకు.

బయట దేశాల్లో దీని మీద కోర్టుల దాకా వెళ్లారు. కోవిడ్ రోజుల్లో ఇంగ్లండ్‌లో నిర్బంధానికి ముందు జరిగే పరీక్ష వీడియోలో చేసుకోవచ్చన్నారు. డెవాన్ పార్ట్‌నర్‌షిప్ ట్రస్టు వేసిన కేసులో 2021 జనవరిలో అక్కడి హైకోర్టు కుదరదని తేల్చింది. వాళ్ల 1983 చట్టంలో "స్వయంగా" పరీక్షించాలని ఉంది, స్వయంగా అంటే ఎదుట ఉండడమే అంది. మహమ్మారి మధ్యలో కూడా ఆ మాటే అంది. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు మాత్రం వీడియో పరీక్షని ఒప్పుకున్నాయి. దగ్గర్లో సైకియాట్రిస్టు లేని ఊళ్లకి వేరే దారి లేదన్నది వాళ్ల వాదన.

ఆ వాదనని నేను కొట్టిపారెయ్యను. జంక్షన్ నుంచి మాకు ఏలూరు దగ్గరే, బెజవాడ గంట ప్రయాణం. పాడేరు కొండల మీద తల్లికి? డాక్టరు దొరికేదాకా ఆగమంటే కొడుకుని వారాల తరబడి గుంజకి కట్టుకుని కూర్చోవాలి. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది పరిగెత్తలేక కాలి చచ్చిపోయారు. వైద్యం అందకపోవడం కూడా నిర్బంధమే. కాబట్టి ఫోను ఉండాలి. ఎంతవరకూ అన్నదే లెక్క.

నేను అడిగేవి ఇవి.

ఒకటి. అత్యవసరంలో వీడియోలో సైకియాట్రిస్టు సలహా తీసుకుని చికిత్స మొదలుపెట్టండి, 108లో తరలించండి. కానీ సెక్షన్ 89 కింద కావాల్సిన రెండు పరీక్షల్లో వీడియోని ఒకటిగా లెక్కెయ్యకూడదు. ఈ మాట నిబంధనల్లో అక్షరాలా రాయాలి. అత్యవసరమైతే రోగిని వీలైనంత త్వరగా నేరుగా డాక్టరుకి చూపించాలని 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాలే చెబుతున్నాయి.

రెండు. వీడియో పెట్టినప్పుడు రోగి పక్కన ఒక నర్సో, డాక్టరో ఉండి జ్వరం, షుగరు, బీపీ చూడాలి, తల నుంచి కాళ్ల దాకా గాయాలు రాయాలి. ఇది కాకుండా ఏ తీర్పూ వద్దు.

మూడు. ఫోను పోలీసు చేతిలో గాని, యజమాని చేతిలో గాని ఉండకూడదు. డాక్టరు రోగితో కాసేపు ఒంటరిగా మాట్లాడాలి. మొదట అడగాల్సింది "నిన్ను ఎవరైనా కొట్టారా, కట్టేశారా?" అని.

నాలుగు. చేర్చిన సంగతి సమీక్షా బోర్డుకి 7 రోజుల్లో, ఆడవాళ్లయితే 3 రోజుల్లో చెప్పాలని చట్టంలో ఉంది. ఉచిత న్యాయసహాయం హక్కు కూడా ఉంది. వేలిముద్ర అడిగేముందు ఈ రెండూ ఆ తల్లికి తెలుగులో చదివి వినిపించాలి.

మన పేటల్లో ఉన్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక మాట. మానసిక జబ్బు నిజం. మనలోనూ ఉంది. దాచకండి, దయ్యమని తాయెత్తులు కట్టించకండి, 14416 కి ఫోన్ చెయ్యండి. కానీ ఎవరైనా మీవాణ్ణి కట్టేసి ఫోన్లో చూపిస్తుంటే, ముందు ఆ ఫోను మీరు తీసుకోండి. తాడు చూపించండి. జీతం బాకీ సంగతి చెప్పండి. నుదుటిమీద చెయ్యి వెయ్యండి.

ఆ కుర్రాడు ఇప్పుడు జంక్షన్లో టైర్ల షాపులో పనిచేస్తున్నాడు. రెండు నెలల జీతం ఇంకా రాలేదు. అది వేరే పోరాటం, దాని గురించి వచ్చే వారం.

జై భీమ్.