సాలీడుని పెంచుకుంటారా? అయితే ఓ మాట

మా అమ్మ పోయినేడు అమెరికా వస్తోందనగానే నేను చేసిన మొదటి పని, హాల్లో ఉన్న గాజుపెట్టెని బెడ్రూం క్లోజెట్లోకి మార్చడం. మూడో రోజే దొరికిపోయాను. దుప్పటి కోసం తలుపు తీసిన అమ్మ పెట్టిన కేకకి పక్కింటివాళ్ళు వచ్చి తలుపు తట్టారు. "యాడిదిరా ఇది? ఇంత సాలెపురుగు ఇంట్లో ఉంటే చీపురుతో దులపకుండా పెట్టెలో పెట్టి పూజ చేస్తాండావా?" అంది. పూజ అనగానే నాకు పాయింటు దొరికింది. "శ్రీకాళహస్తిలో శ్రీ అంటే సాలీడే కదమ్మా, చిన్నప్పుడు నువ్వే చెప్పినావు" అన్నా. "శివుడికి గూడు కట్టిన సాలీడు వేరు. ఇది జుట్టు పెంచుకోని నీ బట్టల మధ్య కూచ్చోనుంది" అంది. నాకు మళ్ళీ పాయింటు దొరకలేదు.

సదరు సాలీడు పేరు రోజీ. చిలీ దేశపు టరంటులా, అరచేయంత ఉంటుంది. కొన్నది నేను కాదు, నా రూమ్మేటు. 2023 మొదట్లో అతని ఉద్యోగం పోయింది. హెచ్1బి మీద ఉన్నవాళ్ళకి తర్వాత ఎన్ని రోజులుంటాయో మీకు చెప్పక్కర్లేదు, అరవై. కారు అమ్మాడు, సోఫా ఎవరికో ఇచ్చేశాడు, టీవీ నాకు సగం ధరకే వదిలేశాడు. సాలీడుని మాత్రం ఎవ్వరూ తీసుకోలేదు. ఎయిర్‌పోర్టుకి బయల్దేరే ముందు రోజు రాత్రి పెట్టె నా టేబుల్ మీద పెట్టి, "ఒక్క నెల చూడు, ఎవరో ఒకరు తీసుకుంటారు" అన్నాడు. ఆ నెల ఇంకా అవలేదు :)

పెంచడం ఎంత సులభమో ముందు చెప్తాను, లేకపోతే నేనేదో త్యాగం చేస్తున్నానని అనుకుంటారు. పెట్టెలో నాలుగైదు అంగుళాల మందాన కొబ్బరి పొట్టు పొయ్యాలి (అదే, మనం మిద్దె మీద మొక్కలకి వాడే కోకోపీట్). ఓ మూల చిన్న నీళ్ళ మూత, దాక్కోడానికో చెక్క బెరడు, అంతే. వారానికి ఒక పురుగు వేస్తే చాలు. పురుగులంటే బొద్దింకలే, డబ్బులు పెట్టి కొంటాను. అమ్మ ఈ విషయం ఊర్లో ఎంతమందికి ఫోన్ చేసి చెప్పిందో లెక్కలేదు. ఇంట్లో తిరిగే బొద్దింకలు పనికిరావు, అవి ఎక్కడ ఏ మందు తిని వచ్చాయో తెలీదు.

ఇక కష్టం. నేల మీద ఉండే ఇలాంటి సాలీళ్ళ పెట్టెలో పైన ఖాళీ ఎక్కువ ఉండకూడదు. అద్దం మీదకి పాకి అడుగున్నర ఎత్తు నుంచి పడితే చాలు, పొట్ట పగిలి చచ్చిపోతుంది. ఫోటో కోసం చేతి మీద పెట్టుకునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండేది ఇందుకే. మనిషికేమో అని కాదు, దానికేమవుతుందో అని. మనిషికి అయ్యేది తక్కువే. అమెరికా ఖండాల టరంటులాలు చాలావరకు కోపమొస్తే వెనక కాలితో పొట్ట మీది వెంట్రుకలు రాలుస్తాయి, దురద పెడుతుంది. కంట్లో పడితే మాత్రం డాక్టర్ దగ్గరికి పరిగెత్తాల్సిందే.

ఓ రోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి రోజీ వెల్లకిలా పడుంది. చచ్చిపోయిందనే అనుకున్నా. రూమ్మేటుకి ఫోన్ చేస్తే అక్కడ తెల్లవారుజాము నాలుగు. "ముట్టుకోకు! కుబుసం విడుస్తోంది, పెట్టెలో పురుగేదైనా ఉంటే తీసెయ్" అని అరిచాడు. పాత చర్మం వదిలే సమయంలో అది ఎంత మెత్తగా ఉంటుందంటే, మనం వేసిన బొద్దింకే దాన్ని కొరికి తినేయగలదు. రాత్రంతా కూర్చున్నా. తెల్లారేసరికి పెట్టెలో ఇద్దరు రోజీలు, ఒకటి ఖాళీ చర్మం. తర్వాతి స్టాండప్ కాల్లో నేనేం మాట్లాడానో నాకే గుర్తులేదు.

అది నన్ను గుర్తుపడుతుందా అంటే పట్టదు. ఎనిమిది కళ్ళున్నా చూపు అంతంతమాత్రం, లోకమంతా దానికి కాళ్ళకి తగిలే అదురే. కుక్కలాగా తోకాడించదు, పిల్లిలాగా అలగదు. మూడేళ్ళుగా నీళ్ళు పోస్తున్న నేను దాని దృష్టిలో అప్పుడప్పుడూ వచ్చే భూకంపం అన్నమాట. నాకు అదే నచ్చింది. రోజంతా ఎవడో ఒకడికి స్టేటస్ చెప్పుకునే బతుకులో, నా నుంచి ఏ అప్‌డేటూ అడగని ప్రాణి ఇదొక్కటే.

అసలు గొడవ ఆయుష్షు దగ్గరొస్తుంది. ఆడ టరంటులా ఇరవయ్యేళ్ళు బతకగలదు. మగది పెద్దదయ్యాక తొందరగానే పోతుంది, రోజీ ఆడది. హెచ్1బి మూడేళ్ళు, పొడిగిస్తే ఇంకో మూడేళ్ళు. గ్రీన్ కార్డు క్యూలో మన నంబరు ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి. అంటే మనలో చాలామందికి ఈ దేశంలో ఉండటానికున్న హామీ కన్నా, షాపులో ముప్ఫై డాలర్లకి దొరికే సాలీడు ఆయుష్షు ఎక్కువ. వెళ్ళిపోవాల్సొస్తే సూట్‌కేసులో పెట్టుకుని హైదరాబాదులో దిగలేం. పరాయి దేశపు ప్రాణిని తేవాలంటే అనుమతులు కావాలి, అవి అరవై రోజుల్లో అయ్యే పనులు కాదు. పోనీ బయట వదిలేద్దామా అంటే, టెక్సాస్ చలికాలంలో చిలీ సాలీడు గతేమిటి? అది వదిలేయడం కాదు, చంపడమే. అందుకే కొనే ముందు ఎవరైనా నన్నడిగితే పెట్టె సైజు, తిండి ఖర్చు చెప్పను. "నువ్వు లేకపోతే ఎవరు చూస్తారు? ఆ మనిషి పేరు చెప్పు" అంటాను. పేరు చెప్పలేకపోతే వద్దంటాను. రూడ్‌గా ఉంటుందని తెలుసు.

ఇంత నీతి చెప్పే నేనే ఇంకోటి కొనబోయాను. అది చెప్పకపోతే అన్యాయం.

మా టీంలో ఒకాయన ఉన్నాడు, టెక్సాస్ వాడే, ఇంట్లో నలభై టరంటులాలున్నాయి. రోజీ సంగతి తెలిసి ఓ రోజు నన్ను ఇంటికి పిలిచి ఒక గాజుడబ్బా ముందు నిలబెట్టాడు. లోపల నీలం రంగు సాలీడు, కాళ్ళ మీద పసుపు చుక్కలు. ఎంత నీలం అంటే బొమ్మకి రంగు వేశారేమో అనిపించేంత. (అది రంగు కూడా కాదట, వెంట్రుకల్లోని అతిసూక్ష్మమైన అమరిక వల్ల వెలుగు అలా తిరిగొస్తుంది.) దీని పేరేంటంటే "గూటీ సఫైర్" అన్నాడు. గూటీ ఏంటని రెండుసార్లు అడిగాను. స్పెల్లింగ్ చెప్పాక వెలిగింది. గుత్తి! మాది తాడిపత్రి. గుత్తి స్టేషన్లో రైలు కోసం నేను గడిపిన రాత్రులు కలిపితే ఒక సెమిస్టర్ అవుతుంది. కోట తెలుసు, జంక్షన్ తెలుసు. ఈ సాలీడు సంగతి మాత్రం మాకు ఏ మాస్టారూ చెప్పలేదు.

ఇంటికొచ్చి చదివితే కథ ఇది. గుత్తిలో రైల్వే కలప యార్డులో దొరికిన ఒకే ఒక్క సాలీడుని చూసి, బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే పోకాక్ అనే ఆయన 1899లో దీనికి పోసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. తర్వాత నూరేళ్ళ పైచిలుకు మళ్ళీ ఎవరికీ కనపడలేదు. 2001లో కనపడింది, అదీ గుత్తిలో కాదు, అక్కడికి దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో నంద్యాల గిద్దలూరు మధ్య అడవిలో. మొదటిది బహుశా దుంగల్తో పాటు రైలెక్కి గుత్తిలో దిగి ఉంటుందంటారు. అంటే పాపం దాని ఊరు గుత్తి కాదు, అది దిగిన స్టేషన్ అన్నమాట. 2008లో ఐయూసీఎన్ దీన్ని అంతరించిపోయే ప్రమాదం తీవ్రంగా ఉన్న జాబితాలో పెట్టింది. పెద్ద చెట్ల తొర్రల్లో ఉంటుంది కాబట్టి, వంటచెరుకు కోసం, కలప కోసం ఆ చెట్లు కొట్టేస్తే దానికి ఇల్లు లేదు. మిగిలినవాటిని పట్టుకుపోయి అమ్మేవాళ్ళు వేరే.

ఒక పిల్ల సాలీడు యాభై డాలర్ల చిల్లర. కార్ట్‌లో పెట్టేశా. మా ఊరి పక్క ప్రాణి డాలస్‌లో నా టేబుల్ మీద ఉంటే ఎంత గొప్ప! ఇది రోజీలాంటిది కాదని, మెరుపులా పరిగెడుతుందని, ఈ జాతి సాలీళ్ళు కరిచి కండరాలు పట్టేసి రోజుల తరబడి బాధపడ్డవాళ్ళున్నారని తెలిసినా ఆగలేదు. ఆపింది ఒక వాదన. "ఇవన్నీ ఇళ్ళల్లో పుట్టినవే, అడవికి నష్టం లేదు. పైగా అక్కడ పోయినా జాతి మా దగ్గర బతికుంటుంది" అన్నాడు మా టీం పెద్దమనిషి. మొదటి ముక్క నిజమే కావచ్చు. కానీ మన దేశం అడవి జంతువుల్ని వ్యాపారానికి ఎగుమతి చెయ్యనివ్వదు కదా, మరి వీటి తాతముత్తాతలు ఏ దారిలో వచ్చినట్టు? ఏ చెట్టు నుంచి తెచ్చిన దాని సంతానమో చెప్పే కాగితం ఆయన దగ్గర లేదు. ఇక రెండో ముక్క, ఐటీ వాళ్ళం మనకి అర్థమయ్యేదే. బ్యాకప్ ఉంది కదా అని ప్రొడక్షన్ సర్వర్ని తగలబడనిస్తామా? అదీ ఒక్కసారి కూడా రిస్టోర్ చేసి చూడని బ్యాకప్. తొర్రలున్న చెట్లే లేకపోతే రిస్టోర్ ఎక్కడ చేస్తాం, ఆయన హాల్లోనా? కార్ట్ ఖాళీ చేశా.

ఆయన తప్పు చేస్తున్నాడని అనను, నాకన్నా బాగా చూసుకుంటాడు. నేను కొనబోయింది మాత్రం సాలీడుని కాదు, ఊరి పేరుని.

హైదరాబాదు, బెంగుళూరు మిత్రులకి ఒక్క ముక్క. అక్కడా గుట్టుగా అమ్ముతున్నారని విన్నాను. ఈ జాతి మొత్తం 2019 నుంచి సైట్స్ ఒప్పందం రెండో జాబితాలో ఉంది. 2022లో సవరించిన మన వన్యప్రాణి చట్టం, 2024 నిబంధనల ప్రకారం ఆ జాబితాల్లోని విదేశీ ప్రాణుల్ని ఇంట్లో ఉంచుకున్నా ప్రభుత్వానికి చెప్పి నమోదు చేయించాలి. మన అడవిలోంచి పట్టుకొచ్చిన దాని సంగతి చెప్పనే అక్కర్లేదు. అమ్మేవాడు "పేపర్స్ అవసరం లేదు బ్రో" అంటే అక్కడితో ఫోన్ పెట్టెయ్యండి.

మొన్న మా అపార్ట్‌మెంటు ఆఫీసు నుంచి నోటీసొచ్చింది, గురువారం పురుగుల మందు కొడతారట. రోజీని కార్లో వెనక సీట్లో పెట్టుకుని రోజంతా ఆఫీసు గరాజ్‌కీ డెస్క్‌కీ మధ్య తిరిగా. ఆ సాయంత్రమే అమ్మ ఫోన్. మందు సంగతి చెప్తే, "దానికేం కాలేదు కదా?" అంది. ఆ వెంటనే "పీడా పోయేది" అని కూడా అందనుకోండి.

నా హెచ్1బి పొడిగింపు ఇంకా పెండింగే. నేను లేకపోతే రోజీని చూసేవాళ్ళ పేరు కాగితం మీద ఇంకా ఖాళీగానే ఉంది. డాలస్ చుట్టుపక్కల గ్రీన్ కార్డు ఉండి, బొద్దింకలంటే అసహ్యం లేనివాళ్ళెవరైనా ఉంటే చెప్పండి. కొబ్బరి పొట్టు నేనే తెచ్చిస్తా.