మా ఎడిసన్ కబుర్లు: గోడ దూకే గుర్రాలు

పోయిన సంచికలో ఆకులు రంగులు మారే రోజుల గురించి రాస్తూ, ఏటా అక్టోబరులో మేము ఫార్ హిల్స్‌కి గుర్రప్పందాలు చూడటానికి వెళ్తామని ఒక్క వాక్యం రాశాను. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఫోన్లు, అంతకుముందు తెలుగు బడి గురించి రెండు పేజీలు రాసినప్పుడు కూడా రాలేదు. సగం మంది "అయ్యో, మీరు కూడా పందాలు కాస్తారా!" అన్నారు. తక్కిన సగం మంది, పక్కన ఎవరైనా వింటున్నారేమోనన్నట్టు గొంతు తగ్గించి, "మాకూ ఆ పిచ్చి ఉందండీ" అన్నారు. అందుకని ఈసారి కబుర్లన్నీ వాళ్ళవీ, వాళ్ళకు నచ్చిన గుర్రాలవీ.

ముందు పిల్లల కోసం రెండు మాటలు. (పెద్దలు తెలిసినట్టే తల ఊపుతూ చదవవచ్చు.) ఇవి మన మలక్‌పేట రేసుల్లాంటివి కావు. అక్కడ గుర్రాలు చదునైన నేల మీద పరుగెత్తుతాయి. ఇక్కడ దారి పొడుగునా కంచెలుంటాయి. నాలుగడుగుల పైచిలుకు ఎత్తున్న ఆ కంచెలు దూకుకుంటూ రెండు మూడు మైళ్ళు పరుగెత్తాలి. గోడ దూకడం అనగానే మీ నాన్నలకు మన రాజకీయ నాయకులు గుర్తొస్తారు. ఈ గుర్రాలకు గోడ అవతల పదవులేమీ ఉండవు. ఇంకో గోడ ఉంటుంది, అంతే.

1752లో ఐర్లండులో ఇద్దరు పెద్దమనుషులు బటవెంట్ అనే ఊరి చర్చి నుంచి డోనరైల్ అనే ఊరి చర్చి దాకా, సుమారు నాలుగున్నర మైళ్ళు, గుర్రాల మీద పందెం వేసుకున్నారు. రోడ్డు వెంట కాదు, అడ్డదారిన. దూరాన కనిపించే చర్చి శిఖరమే గుర్తు. ఆ శిఖరాన్ని స్టీపుల్ అంటారు కనుక ఈ పందానికి స్టీపుల్‌ఛేజ్ అని పేరొచ్చింది. మన లెక్కలో చెప్పాలంటే, మన ఊరి శివాలయం దగ్గర బయలుదేరి, కాలవలూ గట్లూ ముళ్ళకంపలూ దూకి, పక్క ఊరి రామాలయం ధ్వజస్తంభం ముట్టుకోవడం.

ఎడిసన్ నుంచి 287 మీద ఉత్తరంగా పోతే ఫార్ హిల్స్ ఎంతో దూరం కాదు. న్యూజెర్సీ రాష్ట్ర జంతువు గుర్రమేనని, 1977 నుంచీ అదేనని మా అబ్బాయి బడిలో నేర్చుకొచ్చి చెబితే నేను నమ్మలేదు. ఓక్ ట్రీ రోడ్డులో పార్కింగు కోసం ప్రదక్షిణలు చేసే మనకు, ఎవరి పెళ్ళిలోనో వరుణ్ణి మోసుకొచ్చే తెల్ల గుర్రం తప్ప వేరే గుర్రం ఎక్కడ కనిపిస్తుంది?

ఇక ఫోన్ల సంగతి. మొదట చేసినాయన డాక్టరుగారు. ఇక్కడికి రాకముందు ఇంగ్లండులో, లివర్‌పూల్ దగ్గర ఆస్పత్రిలో పనిచేశారు. ఆయన గుర్రం రెడ్ రమ్. ఈ పేరు చెప్పేటప్పుడు ఆయన గొంతు ఎన్.టి.ఆర్ పేరు చెప్పేటప్పుడు మా మామయ్య గొంతులాగా ఉంది. ఏంట్రీలో జరిగే గ్రాండ్ నేషనల్ నాలుగు మైళ్ళకు పైగా సాగే పందెం, కంచెలు 30. ఒక్కసారి గెలిస్తేనే గుర్రం జన్మ ధన్యం. రెడ్ రమ్ 1973లో, 1974లో, మళ్ళీ 1977లో, మొత్తం మూడుసార్లు గెలిచింది. మధ్యలో రెండేళ్ళూ రెండో స్థానం. ఇంతా చేసి అది కాలి ఎముక జబ్బున్న గుర్రం. శిక్షణ ఇచ్చిన జింజర్ మెకేన్ కార్లు అమ్ముకునే మనిషి. పెద్ద మైదానాలేవీ లేక సౌత్‌పోర్ట్ సముద్రపుటొడ్డున ఇసకలో పరుగెత్తించేవాడు. ఆ ఉప్పునీళ్ళే దాని కాళ్ళను బాగుచేశాయని అంటారు. 1995లో, 30 ఏళ్ళ వయసులో పోయింది. ఏంట్రీలో గెలుపు స్తంభం పక్కనే సమాధి చేశారు. డాక్టరుగారు అక్కడ పువ్వులు పెట్టి వచ్చారట. "మా ఆవిడకు చెప్పలేదండీ, మీరు పేరు వెయ్యకండి" అన్నారు. వెయ్యడం లేదు డాక్టరుగారూ.

తర్వాత ఇద్దరు అన్నదమ్ములు, ఒకడికి పదకొండు, ఒకడికి ఎనిమిది. వాళ్ళ ఓటు ఫాయినావన్‌కి. ఇది 1967 సంగతి. పందెంలో ఫాయినావన్ ఎక్కడో వెనకాల ఉంది. దాన్ని ఎవరూ లెక్కలోకే తీసుకోలేదు. వందకి ఒకటి ధర పలికింది. యజమాని కూడా రాలేదు, శిక్షకుడు వేరే ఊళ్ళో పందానికి వెళ్ళాడు. ఇరవైమూడో కంచె దగ్గర, రౌతు పడిపోయిన ఒక గుర్రం అడ్డం తిరిగింది. వెనకొచ్చినవన్నీ దాని మీదా ఒకదాని మీద ఒకటీ పడ్డాయి. ఓక్ ట్రీ రోడ్డులో దీపావళి ముందు శనివారం ట్రాఫిక్కు చూశారుగా, అదీ దృశ్యం. తీరిగ్గా వస్తున్న ఫాయినావన్‌కి ఈ గందరగోళం ముందే కనిపించింది. జాకీ జాన్ బకింగ్‌హామ్ సందు చూసి దూకించాడు. మిగతావి తేరుకునేసరికి అది చాలా దూరం పోయింది, గెలిచేసింది. ఆ కంచెకి ఇప్పుడు ఫాయినావన్ అనే పేరు. "బడికి ఆలస్యంగా వెళ్ళినా పర్వాలేదని దీన్నిబట్టి తెలుస్తోంది కదా అంకుల్" అన్నాడు చిన్నవాడు. ఆ మాటకు నేను బాధ్యుణ్ణి కాను.

ప్రిన్స్‌టన్ నుంచి గుర్రపుస్వారీ నేర్చుకుంటున్న ఒకమ్మాయి లోన్‌సమ్ గ్లోరీ గురించి చెప్పింది. 1992 నుంచి 1999 లోపల ఐదుసార్లు అమెరికాలో జంప్ రేసుల ఛాంపియన్ అనిపించుకున్న గుర్రం అది. 1992లో సముద్రం దాటి వెళ్ళి ఇంగ్లండులో చెల్టెన్‌హామ్‌లో గెలిచింది. పేరుపడ్డ గెలుపుల్లో దాని మీద ఉన్నది బ్లైత్ మిల్లర్ అనే అమ్మాయి, శిక్షకుడు ఆమె తండ్రి బ్రూస్ మిల్లర్. "అందుకే అంకుల్" అంది, అంతకంటే వివరించకుండా. వర్జీనియా మిత్రుడొకాయన బ్యాటిల్‌షిప్ పేరు చెప్పారు. పొట్టి గుర్రం, 17 ఏళ్ళ కుర్రాడు జాకీ, 1938లో ఏంట్రీలో గెలిచింది. అమెరికాలో పుట్టి, అమెరికా వాళ్ళ సొంతమైన గుర్రం గ్రాండ్ నేషనల్ గెలవడం అదే మొదలు.

ఒకావిడ మాత్రం కోపంగా చేశారు. "పడి కాళ్ళు విరిగే గుర్రాల గురించి మీ వాళ్ళెవరూ చెప్పరా?" అని. చెప్పరు, ఆవిడన్నది నిజం. కాలు విరిగితే చాలాసార్లు గుర్రం బతకదు. బరువంతా మూడు కాళ్ళ మీద మోపి నెలల తరబడి నిలబడలేదు. చుట్టూ తెర కట్టి అక్కడే దాని బాధ తీరుస్తారు. ఇక్కడి కంచెలకు మెత్తటి చుట్టలు పెట్టడం, ఏంట్రీలో 2024 నుంచి గుర్రాల సంఖ్య 40 నుంచి 34కి తగ్గించడం, అన్నీ ప్రమాదాలు తగ్గించడానికే. తగ్గాయి గాని పోలేదు. ఇది తెలిసీ ఎందుకు వెళ్తారంటే ఆవిడకు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. నా గుర్రం సంగతి చెప్తాను, అందులో ఏమైనా దొరుకుతుందేమో చూడండి.

మా నాన్న మలక్‌పేట మనిషి. అంటే ఇల్లు అక్కడ కాదు, జీతం అక్కడ. నిజాం కాలంలో 1886లో మౌలాలీ నుంచి మలక్‌పేటకు మారిన ఆ రేసు మైదానం, మా ఇంట్లో ఒక మనిషి పేరులాగా వినిపించేది. "మలక్‌పేట తినేసింది" అనేది మా అమ్మ. రెండు పేటల గొలుసు, నాలుగు గాజులు, చివరికి నా కాలేజీ ఫీజు. నాన్న పోయాక ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. పిల్లలు అడిగితే "మీ తాతయ్యకి గుర్రాలంటే ఇష్టం" అని చెప్పి ఊరుకునేవాణ్ణి.

2005లో అమ్మ ఆరునెలలుండటానికి వచ్చింది. మా ఆఫీసు మిత్రుడు అందర్నీ ఫార్ హిల్స్‌కి రమ్మన్నాడు. అమ్మకు చెప్పాలంటే నోరు రాలేదు. మా తొమ్మిదేళ్ళవాడే చెప్పేశాడు. అమ్మ కాసేపు ఆగి, "అక్కడ డబ్బులు కాస్తారా?" అంది. లేదమ్మా, ఇక్కడ కాయడానికి చట్టం ఒప్పుకోదు, ఊరికే చూడటమే అన్నాను. "అయితే వస్తా" అని పులిహోర కలిపింది.

ఆ రోజు పెద్ద పందెంలో మెక్‌డైనమో అనే గుర్రం పరుగెత్తింది. అంతకుముందు రెండేళ్ళూ అదే గెలిచింది. కంచె ఇంకా అంత దూరాన ఉండగానే లేచి, తీరిగ్గా అవతల దిగేది. ఆ ఏడూ గెలిచింది, తర్వాత రెండేళ్ళూ కూడా. 2003 నుంచి 2007 దాకా ఐదేళ్ళు వరసగా ఒకే మైదానంలో ఒకే పందెం. చివరిసారికి దానికి పదేళ్ళు. నాకు అదే ప్రాణం. కాని అమ్మ చూసింది దాన్ని కాదు. అంతకుముందు పందెంలో ఒక గుర్రం రౌతును పడేసింది. ఆ అబ్బాయి లేచి దులుపుకున్నాడు. గుర్రం మాత్రం ఆగలేదు. జీను ఖాళీగా ఊగుతుంటే మిగతా వాటితో పాటు కంచెలు దూకుకుంటూ చివరిదాకా వచ్చింది. అమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. "మీద మనిషి లేకపోయినా పరిగెడుతోందిరా!" అంది. ఇంటికొచ్చే దారిలో చాలాసేపటికి, "మీ నాన్న ఎప్పుడైనా గుర్రాన్ని చూశారో లేదో. ఆ కాగితం లోంచి తల ఎత్తేవారు కాదట" అంది.

ఆ తర్వాత ఇక్కడికి వచ్చిన ప్రతిసారీ, అక్టోబరు కలిసొస్తే, తనే గుర్తు చేసేది.

2018లో చట్టం మారింది. ఫార్ హిల్స్‌లో పందెం కాసే కిటికీలు తెరిచారు. ఆ ఏడాది మా అబ్బాయి, అప్పటికి ఇరవై రెండేళ్ళవాడు, పది డాలర్ల టికెట్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "తాతయ్య పేరు మీద, నాన్నా. ఆయనకి ఇష్టం కదా" అన్నాడు. నేను వాడి మీద ఎందుకు అరిచానో వాడికి అర్థం కాలేదు. పది డాలర్లకు అంత అరుపా అని పక్క కార్ల వాళ్ళు చూశారు. తర్వాత గడ్డి మీద కూర్చుని, పదమూడేళ్ళ కిందట చెప్పాల్సిందంతా చెప్పాను: గొలుసు, గాజులు, ఫీజు. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "మరి నాయనమ్మ ఇన్నిసార్లు ఎలా వచ్చింది?" అని మాత్రం అడిగాడు. ఆ ఖాళీ జీను గుర్రం గురించి చెప్పాను. వాడికి అది గుర్తే లేదు.

ఆ టికెట్ మీది గుర్రం నాలుగోదిగా వచ్చింది. రాత్రి హైదరాబాదుకి ఫోన్ చేసి, మనవడు చేసిన ఘనకార్యం దాచకుండా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

"పోనీలే. అది పడలేదు కదా?" అంది అమ్మ.