నినాదమిచ్చినోడు పోలీసుకు పనికిరాడా?

పోలీసు నోటిఫికేషన్ పడిందంటే నిర్మల్ రోడ్ల మీద తెల్లారకముందే పోరగాళ్ల ఉరుకులు మొదలవుతాయి. 2022 నోటిఫికేషన్‌లో మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ఉరకాలన్నారు. ఎత్తు 167.6 సెంటీమీటర్లు. ఏజెన్సీ గిరిజన బిడ్డలకు 160 చాలు. అది దయ కాదు, న్యాయం. గోండు, కొలాం పిల్లల్ని మైదాన ప్రాంతం కొలబద్దతో కొలవొద్దని రూలే ఒప్పుకుంది. ఒక్క సెంటీమీటరు లోపు తేడాతో పోయినోళ్లు కోర్టు మెట్లెక్కితే 2023లో మళ్లీ కొలిచారు.

అంటే ఎత్తుకు లెక్క ఉంది, తప్పు కొలిస్తే అడిగే దారీ ఉంది. మరి నడవడికకు లెక్కేది?

పరుగు, రాతపరీక్ష అన్నీ గెలిచాక చివర్లో అటెస్టేషన్ ఫారం వస్తుంది. నీ మీద ఎప్పుడైనా కేసు అయిందా, అరెస్టయ్యావా అని అడుగుతుంది. ఆ వెనుక స్పెషల్ బ్రాంచి విచారణ. ఇక్కడ టేపూ లేదు, స్టాప్‌వాచీ లేదు. అధికారి మనసే కొలబద్ద!

ఈ గడ్డకు ఆ ఫారంతో పాత లెక్క ఉంది. రాష్ట్రపతి ఉత్తర్వుల్లోని 14ఎఫ్ పుణ్యమా అని హైదరాబాద్ నగర పోలీసు కొలువుల్లో స్థానికులకు రక్షణ లేకుండా పోయింది. 2009 అక్టోబర్ 9న సుప్రీంకోర్టు నగరం ఫ్రీజోనే అన్నది. తెలంగాణ భగ్గుమంది. 2011 ఆగస్టులో ఆ క్లాజు పోయింది. పోగొట్టిందెవరు? రోడ్ల మీద, రైలు పట్టాల మీద కూర్చున్న విద్యార్థులు. కేసులైందెవరి మీద? వాళ్ల మీదే. పోలీసు కొలువు కోసం కొట్లాడినోడికి ఆ కొట్లాటే కొలువుకు అడ్డం!

2014 తర్వాత ఉద్యమ కేసులు ఎత్తేస్తూ ఉత్తర్వులు వచ్చాయి. మంచిదే. కానీ కేసు ఎత్తేస్తే కేసు కాలేదని అర్థం కాదు. ఫారం 'ఎప్పుడైనా' అంటుంది. ఎత్తేశారు కదా అని 'లేదు' అని రాస్తే నిజం దాచినట్టే లెక్క. అందుకే మన పిల్లలకు మేం చెప్పేది ఒక్కటే: ఉన్నది ఉన్నట్టు రాయండి, కేసు ఎత్తేసిన కాగితం జతచేయండి.

2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచి దీని మీద విడమరిచి చెప్పింది. చిన్నవయసులో నినాదాలివ్వడం వంటి చిల్లర కేసును దాచినా, అధికారి తన విచక్షణతో వదిలేయొచ్చన్నది. నినాదం అన్న మాట తీర్పులోనే ఉంది! చిక్కంతా ఎక్కడంటే, వదిలేయొచ్చన్నది గానీ వదిలేయాల్సిందే అనలేదు. మళ్లీ అధికారి దయే.

వెయ్యి ఉరుల మర్రి ఉన్న ఊరు మనది. రాంజీ గోండు గురించి ఆనాటి సర్కారు రికార్డు ఏం రాసి ఉంటుందో మనం ఊహించలేమా? ఇది పాత ముచ్చట అనుకునేటోళ్లు దిలావర్‌పూర్ చూడాలి. ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని 2024 నవంబర్‌లో ఊళ్లకు ఊళ్లు నిర్మల్-భైంసా దారి మీద కూర్చున్నాయి. అంతకుముందు 2022 జూన్‌లో బాసర ట్రిపుల్ ఐటీ పిల్లలు రోజుల తరబడి గేటు దగ్గర ఎండకు, వానకు కూర్చున్నారు. నీళ్ల కోసం, మంచి తిండి కోసం కూర్చున్నోడు రేపు ఎస్సై పరీక్ష రాస్తే, నడవడిక బాగాలేదంటారా?

ఆడపిల్లల మీద చెయ్యి వేసినోడు, లంచం కేసులో ఇరుక్కున్నోడు, మతం పేరుతో ఇల్లు తగలబెట్టినోడు ఖాకీ వేసుకోవద్దు. ఆ విషయంలో మేం ఏ సడలింపూ అడగం. దోపిడీకీ ధర్నాకూ ఒకే గడి పెట్టొద్దంటున్నాం, అంతే. ధర్నా, రాస్తారోకో కేసులు అనర్హత కావని రిక్రూట్‌మెంట్ బోర్డు నోటిఫికేషన్‌లోనే రాయాలి. ఎవరినైనా తీసేసే ముందు కారణం కాగితం మీద ఇచ్చి, పిలిచి అడగాలి. వచ్చే నోటిఫికేషన్ పడకముందే ఈ రూలు రావాలి; పడినాక కోర్టుల చుట్టూ తిరిగే పైసలు మన పిల్లల దగ్గర లేవు.