గుర్రాన్ని బండెక్కించడం ప్రయాణం రోజు పని కాదు

పెళ్లిళ్ల సీజన్‌లో హైదరాబాద్ ఫంక్షన్ హాళ్ల పక్క సందుల్లో రాత్రి పొద్దుపోయాక తరచూ కనిపించే దృశ్యం ఇది. బరాత్ అయిపోయింది. బ్యాండు వాళ్లు సర్దుకుని వెళ్లిపోయారు. వరుణ్ని మోసిన తెల్ల గుర్రాన్ని ఇక డీసీఎం వ్యాను ఎక్కించాలి. అది ఎక్కదు. ఒకడు ముందు నుంచి తాడు పట్టి గుంజుతాడు, ఇద్దరు వెనక చేరి తోస్తారు, ఇంకొకడు చేతికందిన కర్ర తీసుకుంటాడు. మొండి గుర్రమని చూస్తున్నవాళ్లంతా తేల్చేస్తారు.

ఆ తీర్పు ఇచ్చేముందు గుర్రానికి ఏం కనిపిస్తోందో ఆలోచించాలి. దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. సరిగ్గా ముక్కు ముందున్న జాగా మాత్రం కనిపించదు. అందుకే బండెక్కే ర్యాంపు దగ్గరికి రాగానే తల దించుతుంది, మూతి ఆనించి వాసన చూస్తుంది, పక్కకు తిరిగి ఒక కంటితో పరీక్షిస్తుంది. మనవాళ్లు తలకు కట్టిన హాల్టర్ పట్టుకుని తలను పైకి లాగేది కూడా ఆ క్షణంలోనే. చూసుకుని అడుగేద్దామనుకున్న జంతువుకు చూపు లేకుండా చేసి, అడుగు వేయలేదని కొడతారు.

చీకటి సంగతి సరేసరి. వెలుతురులోంచి చీకట్లోకి వెళ్తే గుర్రం కన్ను సర్దుకోవడానికి మనిషి కంటికన్నా ఎక్కువ సేపు పడుతుంది. పట్టపగలు బయట నిలబడ్డ గుర్రానికి మూసి ఉన్న ట్రైలర్ ఒక గుహ. పైగా కాలు పెడితే నేల బోలుగా మోగుతుంది, గిట్ట కింద పలక కదులుతుంది. ఆపద వస్తే పరుగెత్తి బతికిన జాతి అది. పరుగెత్తే వీలే లేని పెట్టెలోకి రమ్మంటే రానంటుంది మరి.

ఇది ఈనాడు కనిపెట్టిన విషయం కాదు. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో గ్రీకు సేనాని జెనోఫోన్ గుర్రపుస్వారీ మీద చిన్న పుస్తకం రాశాడు. గుర్రం దేనికైనా బెదిరితే ముందు నువ్వే వెళ్లి దాన్ని ముట్టుకో, తర్వాత గుర్రాన్ని మెల్లగా దగ్గరికి తీసుకెళ్లు అంటాడు. కొట్టి తీసుకెళ్తే ఆ దెబ్బ కూడా ఎదురుగా ఉన్న వస్తువు వల్లే తగిలిందని అది అనుకుంటుందని హెచ్చరిస్తాడు. ర్యాంపు దగ్గర కర్ర ఎత్తేవాళ్లు సరిగ్గా ఆ పాఠమే నేర్పుతున్నారు. బండి అంటే దెబ్బ. మరుసటిసారి గుర్రం బండిని చూసిన చోటే ఆగిపోతుంది.

సరైన పద్ధతిలో మంత్రమేమీ లేదు. ఎక్కడికీ వెళ్లే పని లేని రోజున బండిని చదునైన నేల మీద నిలపాలి. ట్రైలరైతే లాగే వాహనానికి తగిలించే ఉంచాలి, లేకపోతే గుర్రం బరువుకు వెనక్కి ఒరుగుతుంది. తలుపులన్నీ తెరిచి, మధ్య అడ్డు జరిపి, లోపలికి వెలుతురు వచ్చేలా చూడాలి. తాడు కొద్దిగా బిగిస్తే గుర్రం ముందు వెనక్కే గుంజుతుంది. అది దాని స్వభావం, తిరుగుబాటనుకోకూడదు. గుంజులాటకు దిగకుండా ఆ బిగువును అలాగే ఉంచాలి. గుర్రం ఒంటి బరువు రవ్వంత ముందుకు వాలినా చాలు, తాడు వదులు చేసేయాలి. అసలు పాఠమంతా ఆ వదలడంలోనే ఉంది. గుర్రం నేర్చుకునేది బిగువు వల్ల కాదు, అది ఏ క్షణంలో తగ్గిందో దాన్ని బట్టి. రెండు క్షణాలు ఆలస్యమైతే వెనక్కి వేసిన అడుగుకు బహుమతి ఇచ్చినట్టవుతుంది.

ఒక గిట్ట ర్యాంపు మీద పడ్డాక చాలామంది తొందరపడి రెండోది కూడా పెట్టించాలని చూస్తారు. అనుభవం ఉన్నవాళ్లు అక్కడ ఆగి, అది వెనక్కి గుంజకముందే తామే వెనక్కి నడిపిస్తారు. దిగే దారి ఉందని తెలిసిన గుర్రం ఎక్కడానికి అంత భయపడదు. బిగిసిన చెవులు సడలడం, మూతి చప్పరించడం, తల కిందికి వాల్చడం చూశాక మళ్లీ అడుగుతారు. లోపలికి వెళ్లాక గుగ్గిళ్లు పెడతారు. వెనక అడ్డుకడ్డీ వేశాకే తలతాడు కడతారు, దించేటప్పుడు ముందు తాడు విప్పి ఆ తర్వాతే కడ్డీ తీస్తారు. ఈ వరుస తప్పితే వెనక్కి తన్నుకునే గుర్రం మెడ విరుచుకునే ప్రమాదం ఉంది.

దీనికి శాస్త్రీయ ఆధారమూ ఉంది. అమెరికాలోని నార్త్ టెక్సస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2001లో ప్రచురించిన అధ్యయనంలో ట్రైలర్ ఎక్కడానికి మొరాయించే ఐదు ఆడగుర్రాలను తీసుకున్నారు. ఒక వస్తువును మూతితో ముట్టుకుంటే తిండి దొరుకుతుందని ముందు నేర్పారు. ఆ వస్తువును కొద్దికొద్దిగా ట్రైలర్ లోపలికి జరుపుతూ వెళ్లారు. ఐదూ ఎక్కాయి. వేరే మనిషి తోలినా, వేరే ట్రైలర్ తెచ్చినా ఎక్కాయి.

ఇంత ఓపిక మాకెక్కడిదని గుర్రాలు అద్దెకిచ్చేవాళ్లు అడగొచ్చు. సీజన్‌లో ఒకే రాత్రి రెండు మూడు బరాత్‌లు ఉంటాయి, న్యాయమైన ప్రశ్నే. కానీ అర్ధరాత్రి గంటసేపు నలుగురు చేసే కుస్తీకి కూడా ఖర్చుంది. కడుపునొప్పి వచ్చిన గుర్రం సంగతి ఇంకా కష్టం. గుర్రం వాంతి చేసుకోలేదు, పేగు మెలిపడితే ఆపరేషన్ తప్ప దారి ఉండదు. ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన ఆ గంటలో బండెక్కనంటే ఆ నష్టాన్ని ఏ సీజన్ ఆదాయం పూడ్చలేదు.

జంతువుల రవాణాకు మనకు 1978 నాటి కేంద్ర నిబంధనలు ఉన్నాయి. గుర్రాలను తీసుకెళ్లే బండిలో నేల జారకూడదు, వేగం గంటకు 35 కిలోమీటర్లు దాటకూడదు, ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉన్నట్టు పశువైద్యుడి సర్టిఫికెట్ ఉండాలి. ఇందులో ఎక్కువ భాగం బండి కదిలాక ఏం జరగాలన్న దాని గురించే. గుర్రానికి దెబ్బలు తగిలేది, మనిషి కాలు నలిగేది మాత్రం చాలాసార్లు బండి కదలకముందే. సర్టిఫికెట్ రాసే డాక్టరు ఎలాగూ గుర్రాన్ని చూస్తాడు. వదులు తాడుతో అది ర్యాంపు ఎక్కి దిగిందా లేదా అన్న ఒక్క గడి ఆ కాగితంలో చేర్చవచ్చు. రేస్ క్లబ్బులు, పోలీసు అశ్వదళాలు, స్వారీ నేర్పే బళ్లు ప్రభుత్వం కోసం ఎదురుచూడకుండా తమ శాలల్లో రేపే ఈ పరీక్ష పెట్టుకోవచ్చు. అద్దె గుర్రాల యజమానులకు పశుసంవర్ధక శాఖ ఏటా సీజన్ మొదలవక ముందు ఒకటి రెండు రోజులు శిక్షణ ఇప్పించినా చాలు. అందుకు కావలసింది ఒక ఖాళీ ట్రైలర్, గుర్రాలను సాకే ఓర్పున్న సైస్ ఒకడు, ఓ తట్టెడు ఉలవలు.