ఇల్లు అలకగానే పండగ కాదు

ఎపాక్సీ ఫ్లోర్ వీడియోలు మీలో చాలామంది చూసే ఉంటారు. ఒక గ్యారేజ్, నిండా సామాను. ముప్పై సెకన్లలో అంతా ఖాళీ అయిపోతుంది. గ్రైండర్ తిరుగుతుంది, బూడిద రంగు ద్రవం పోస్తారు, రోలర్‌తో లాగుతారు, పైన రంగురంగుల పొలుకులు చల్లుతారు. చివర్లో అద్దంలాంటి నేల మీద ఒక కారు.

మా అన్నయ్య కూడా చూశాడు. హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, "డొంకరాయిలో మన షెడ్డుకి ఇదే వేయిద్దాం, డబ్బులు నేను పంపుతా" అన్నాడు. నాన్న వెంటనే ఓకే. అమ్మ మాత్రం ఒకటే ప్రశ్న వేసింది: "సామాను ఎక్కడ పెట్టమంటావు?" దానికి ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు. నా ఉద్దేశంలో ఆ ప్రశ్నలోనే మొత్తం ఇంజనీరింగ్ ఉంది.

ముందు ఎపాక్సీ గురించి. ఇది పెయింట్ కాదు. రెసిన్, హార్డెనర్ అని రెండు డబ్బాలు వస్తాయి. కలిపిన క్షణం నుంచి రసాయన చర్య మొదలవుతుంది, వేడి పుడుతుంది, చాలా రకాల్లో అరగంట అటూ ఇటూగా చేతిలోనే గట్టిపడటం మొదలుపెడుతుంది. ఎండాకాలం అయితే ఇంకా తొందరగా. స్విట్జర్లాండ్‌లో పియర్ కాస్టాన్, అమెరికాలో సిల్వన్ గ్రీన్‌లీ 1930, 40లలో ఈ రెసిన్ల మీద పనిచేశారు. ఇప్పుడు మందుల కంపెనీలు, ఆసుపత్రులు, ఫ్యాక్టరీల నేలల మీద కనిపిస్తుంది. ఆయిల్ పడినా తుడిస్తే పోతుంది, దుమ్ము లేవదు. మంచి వస్తువే. దాని మీద నాకేం కోపం లేదు.

కానీ దానికి కొన్ని షరతులున్నాయి. మన భాషలో చెప్పాలంటే సిస్టమ్ రిక్వైర్‌మెంట్స్. నేల ఖాళీగా ఉండాలి, గరుకుగా ఉండాలి, పొడిగా ఉండాలి. వేశాక ఒక రోజు ఎవరూ తొక్కకూడదు, బండి ఎక్కించాలంటే దాదాపు వారం ఆగాలి. ముప్పై సెకన్ల వీడియోలో ఇవేవీ కనిపించవు.

ఇప్పుడు మా షెడ్డు చూడండి. సీలేరు నది ఒడ్డున, తూర్పు కనుమల మధ్యలో ఉంది మా ఊరు. డ్యామ్, 25 మెగావాట్ల పవర్‌హౌస్ ఉన్న ఊరిగానే బయటివాళ్లకి తెలుసు. ఇక్కడి నీళ్లే పవర్ కెనాల్ మీదుగా వెళ్లి పొల్లూరు దగ్గర దిగువ సీలేరు కేంద్రాన్ని తిప్పుతాయి. ఇళ్ల వెనక కొండ వాలు. వాన పడితే పైనుంచి వచ్చిన నీళ్లు కొంత కాలువలో పోతాయి, కొంత మట్టిలోకి దిగి ఇళ్ల కిందుగా నడుస్తాయి. మా షెడ్డు గచ్చు వేసినప్పుడు కింద ప్లాస్టిక్ షీట్ పరవలేదు. గ్రావెల్, దాని మీద కాంక్రీట్, అంతే. ఊళ్లో చాలా గచ్చులు ఇలాగే ఉంటాయి.

కాంక్రీట్ గట్టిగా కనిపిస్తుంది కానీ లోపల సన్నని రంధ్రాలుంటాయి. కింది తడిని దీపం ఒత్తి నూనెను లాగినట్టు లాగుతుంది. మామూలు గచ్చయితే ఆ తేమ పైకొచ్చి గాల్లో కలిసిపోతుంది. మీద ఎపాక్సీ వేస్తే మూత పెట్టినట్టే. తేమ ఆగదు, కాంక్రీట్‌లోని క్షారాన్నీ లవణాలనీ మోసుకొచ్చి పూత కింద చేరుతుంది. బొబ్బలు లేస్తాయి. తర్వాత వేడి టైరు వచ్చి కూర్చుంటే పెచ్చులుగా ఊడొస్తుంది. కాంక్రీట్, రాతి డ్యాములు కట్టేవాళ్లకి ఇది పాత పాఠమే. కిందనుంచి తన్నే నీటికి డ్రెయిన్లు పెట్టి బయటికి దారి ఇస్తారు. పైన పూత పూసి దాన్ని ఆపుదామని ఎవరూ అనుకోరు.

నేల తడిగా ఉందో లేదో తెలుసుకోవడం సులువు. పద్దెనిమిది అంగుళాల చదరం పాలిథిన్ షీట్ తీసుకుని, నాలుగు అంచులా టేప్ వేసి, కనీసం 16 గంటలు వదిలేయాలి. తీసి చూస్తే కింద చెమట పట్టినా, గచ్చు నల్లబడినా తేమ ఉన్నట్టే. అయితే మా దగ్గర ఈ టెస్ట్ ఏప్రిల్‌లో చేస్తే పాస్ అవ్వచ్చు, ఆగస్టులో అదే నేల ఫెయిల్ అవ్వచ్చు. మరి పూత ఏప్రిల్ ఒక్క నెల కోసమా? టెస్ట్ వానల్లోనే చేయాలి.

పూత మాత్రం వానల్లో వేయకూడదు. నేల ఉష్ణోగ్రత, మంచు బిందు స్థానం, అంటే డ్యూ పాయింట్ కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలని రూల్. డ్యూ పాయింట్‌కి ఒక చిన్న ఉజ్జాయింపు లెక్క ఉంది: వందలోంచి గాలిలో తేమ శాతం తీసేసి, అయిదుతో భాగించి, ఆ వచ్చింది ఉష్ణోగ్రతలోంచి తీసేయాలి. వానాకాలం రోజు 27 డిగ్రీలు, తేమ 90 శాతం అనుకోండి. డ్యూ పాయింట్ 25. నేల 28 ఉండాలి. గాలే 27 ఉన్నప్పుడు నీడలో ఉన్న తడి గచ్చు 28 ఎలా అవుతుంది? అదే ఎండాకాలం 30 డిగ్రీలు, 50 శాతం తేమ అయితే డ్యూ పాయింట్ 20, నేలకి 23 చాలు. సో, టెస్ట్ వానల్లో, పూత ఎండల్లో. అంటే ఒక నేల గురించి నిర్ణయం తీసుకోడానికి దాదాపు ఒక ఏడాది కావాలి.

ఇక్కడే అమ్మ ప్రశ్న. మా షెడ్డులో నాన్న జీపు సగం చోటే తీసుకుంటుంది. మిగతా సగంలో చింతపండు బుట్టలు, కొండచీపుళ్ల కట్టలు, పసుపు బస్తాలు, వంటచెరుకు, టార్పాలిన్లు. ఇవన్నీ ఎప్పుడొస్తాయి? చీపుళ్లు, పసుపు, చింతపండు, అన్నీ సంక్రాంతి దాటాక మొదలై ఎండలు ముదిరే దాకా ఒకదాని వెనక ఒకటి వస్తాయి. అంటే నేల పొడిగా ఉండి పూతకి పనికొచ్చే నెలల్లోనే షెడ్డు నిండి ఉంటుంది. సరుకంతా అమ్ముడుపోయి షెడ్డు ఖాళీ అయ్యేసరికి వానలు. పూతకి కావలసిన ఆ వారం, పది రోజులు మా క్యాలెండర్‌లో లేనేలేవు.

వీడియో భాషలో మా సామాను పేరు "క్లటర్". ఆ మాట వినగానే దాన్ని తీసి పారేయాలనిపిస్తుంది. అమెరికా గ్యారేజ్‌లో మూలన పడ్డ పాత ట్రెడ్‌మిల్‌కి ఆ పేరు సరిపోతుందేమో. చింతపండు బుట్ట మా ఇంటికి వచ్చే ఏడాది ఫీజు. అది అడ్డం అనిపిస్తే, చూసేవాడికి ఆ ఇంటి లెక్క తెలియదన్నమాట.

అలాగని అన్నయ్య తప్పు అనను. అతను చెప్పే సమస్య నిజం. పాత గచ్చు పొడి రాలుతుంది, ఎంత ఊడ్చినా దుమ్మే. ఊడ్చేది అమ్మే. "పేడతో అలికిన నేలే గొప్ప, అదే మన టెక్నాలజీ" అని మనలాంటివాళ్లం సాహిత్య సభల్లో మాట్లాడతాం. అలుకుడు తడిని ఊపిరి పీల్చనిస్తుంది, పాడైన చోట మళ్లీ అలుక్కోవచ్చు, అదంతా నిజమే. కానీ అలికేది నాన్నమ్మ, పొగిడేది మనం. ఆవిడ నడుము నొప్పి లెక్కలో లేకుండా ఆ టెక్నాలజీని మెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు. అలాగే ఎపాక్సీ వేసే కూలీ సంగతీ లెక్కలోకి రావాలి. గ్రైండింగ్ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకి ప్రమాదం. హార్డెనర్ చేతికి తగిలితే కొందరికి శాశ్వతంగా ఎలర్జీ పట్టుకుంటుంది. మాస్క్, గ్లవ్స్ లేకుండా చవగ్గా చేసేవాళ్లు దొరుకుతారు. ఆ చవక వాళ్ల ఒంట్లోంచి వస్తుంది.

అందుకని నా అభిప్రాయం ఇది. ఈ ఏడాది ఎపాక్సీ వద్దు. అన్నయ్య పంపే డబ్బుతో మొదట షెడ్డు వెనక, కొండవైపు, ఒక కాలువ తవ్వించాలి. రెండోది, గోడల పొడవునా అడుగున్నర ఎత్తులో చెక్క బల్లలు, పైన అటక. సామాను నేల దిగితే చింతపండుకి చెమ్మ పట్టదు, ఊడవడం సగం తేలికవుతుంది. మూడోది, దుమ్ముకి సిలికేట్ డెన్సిఫయర్. ఇది నీళ్లలా ఉంటుంది, గచ్చులోకి ఇంకి అక్కడి సున్నంతో కలిసి గట్టిపడుతుంది. పైన పొర కట్టదు కాబట్టి ఊడేదేం లేదు, తేమ దారి మూసుకుపోదు. మెరుపు రాదు, ఆయిల్ మరకలు పూర్తిగా ఆగవు. కానీ జీపు ఉన్న సగం ఒకసారి, సామాను ఉన్న సగం ఒకసారి వేసుకోవచ్చు. ఆగస్టులో షీట్ టెస్ట్ పెడదాం. కాలువ తవ్వాక కూడా నేల పొడిగా ఉంటే, అప్పుడు జీపు నిలిపే చోటు వరకే ఎపాక్సీ గురించి మాట్లాడుకుందాం.

"ఇల్లు అలకగానే పండగ కాదు" అంటారు పెద్దవాళ్లు. అలికాక చేయాల్సిన పని చాలా ఉందని దాని అర్థం. ఎపాక్సీ విషయంలో పని అంతా అలకడానికి ముందే ఉంది. ఈ సెలవులకి ఇంటికెళ్లి ఏదైనా "అప్‌గ్రేడ్" చేద్దామనుకునేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: ధర కనుక్కునే ముందు, ఆ చోటుని రోజూ వాడేవాళ్లని వాళ్ల ఏడాది ఎలా నడుస్తుందో అడగండి. మనం రాసే యాప్‌లకీ ఇదే వర్తిస్తుంది, కానీ అది ఇంకో వ్యాసం.